ఆరని గంజి

వరికి చెవులుంటాయి, ఊదకి ఉండవు. వ్యవసాయం చదివే పిల్లలకి ఈ సంగతి పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారట. వీరదుర్గకి పన్నెండో ఏట వాళ్ళమ్మ మోకాలి లోతు బురదలో నిలబెట్టి, చూపుడు వేలు పట్టుకుని మరీ చెప్పింది. ఆకు కాడని పట్టుకునే చోట వేలితో తడిమితే వరికి చిన్న నూగు చెవి తగులుతుంది. ఊదకి అక్కడ అంతా నున్నగా ఉంటుంది. ఇరవై రోజుల పైరులో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఏది వరో ఏది కలుపో చెప్పలేని పెద్దరైతులు మా దివిసీమలో బోలెడుమంది ఉన్నారు. వీరదుర్గకి మాత్రం చూడక్కర్లేదు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే ఆమె వేళ్ళు ఊదని పట్టుకుని పీకేస్తాయి.

ఇప్పుడామెకి యాభై. అవనిగడ్డకి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న చింతల్లంకలో ఆమెదొక కలుపు ముఠా, పద్నాలుగు మంది ఆడవాళ్ళు. వీరదుర్గ ముఠా దిగిన చేలో మళ్ళీ మనిషిని దింపక్కర్లేదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు. ముప్పై ఎనిమిదేళ్ళు నడుం వంచితే వచ్చిన పేరది. దాన్ని ఒక ఆదివారం పొద్దున్న టీకొట్టు బల్ల మీద కూర్చుని, అల్లంటీ చల్లారేలోపు చింపి పోగులు పెట్టారు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొదట్నించీ చెబితే మీకూ మండుతుంది.

రెండేళ్ళ కిందట బందరు నుంచి ఇందిరాదేవి గారని ఒక లెక్చరర్ వచ్చారు. వాళ్ళింట్లో మూడు తరాలుగా అందరూ పంతుళ్ళే. ఈవిడ కాలేజీలో సూక్ష్మజీవుల గురించి పాఠం చెబుతారు. చేతిలో ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని మట్టి కోసం వచ్చారు. రైతులు ఎవరికి వాళ్ళు తమ మంచి చేలు చూపించారు. ఆవిడ అవి వదిలేసి, గట్టుమీద అన్నాలు తింటున్న ఆడవాళ్ళ దగ్గరికొచ్చి, "ఊద సరిగ్గా ఎదగని చోటు ఎక్కడైనా ఉందా అమ్మా?" అని అడిగారు. రైతులు నవ్వారు. వీరదుర్గ చెయ్యి కడుక్కుని లేచింది.

"ఉందండీ. కాంతారావు గారి ఉత్తరం మడి, ఈశాన్యం మూల. అక్కడ ఊద మొలుస్తుంది గానీ వేరు పట్టదు. మిగతాచోట లాగితే బురద ముద్దతో సహా వస్తుంది. అక్కడ మాత్రం ఇలా పట్టుకుంటే అలా వచ్చేస్తుంది."

"ఎన్నాళ్ళుగా అలా ఉంది?"

"మా అమ్మ చేసేటప్పట్నించీనండి. పని తొందరగా అవుతుందని ఆ మూల ముసలమ్మలకి ఇస్తాం."

చేను కాంతారావుది. ఆ మూల సంగతి కాంతారావుకి తెలియదు. ఎప్పుడైనా బురదలో దిగితే కదా!

ఆ మట్టిలోంచే ఇందిరాదేవి గారు ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అది ఊద వేరు చుట్టూ చేరి దాన్ని పెరగనివ్వదు, వరి వేరు జోలికి వెళ్ళదు. కాలేజీలో కుండీల్లో పెంచి చూస్తే పది ఊద మొక్కల్లో ఏడు గిడసబారిపోయాయి. ఆవిడ ఫోను చేసి, "మీరు చూపించిన మూలేనమ్మా" అన్నప్పుడు వీరదుర్గ ఆ మాట ముఠాలో పద్నాలుగు మందికీ విడివిడిగా చెప్పుకుంది. బురదలో నాని కాలివేళ్ళ సందులు పుళ్ళు పడ్డవాళ్ళు, గడ్డిమందు కొట్టిన చేలో దిగి చేతులు పొక్కినవాళ్ళు, వాళ్ళందరికీ అది మంచి మాటే.

కుండీలో పనిచేసింది చేలో పనిచేస్తుందో లేదో చూడాలి. దానికి ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఈ ఏడు కాంతారావు ఉత్తరం మడి పక్కన రెండెకరాలు నాట్లు మానేసి విత్తనం వెదజల్లాడు. కాలవకి నీళ్ళు ఎప్పుడొదులుతారో తెలియని రోజుల్లో చాలామంది అదే చేస్తున్నారు. వెదజల్లిన చేలో ఊదకి పండగే. అందుకని ప్రయోగం అక్కడే పెట్టారు. కంపెనీ తరఫున దుర్గాశ్రీనివాస్ అని గుడివాడ నుంచి ఒక ఫీల్డ్ ఆఫీసర్ వచ్చాడు. మెళ్ళో కార్డు, చెవిలో ఫోను, చేతిలో కరపత్రాల కట్ట. "ఊద మందు వచ్చిందండీ! ఆర్గానిక్ మందు!" అని ఊరంతా తిరిగి పంచాడు.

పని చిన్నదే. పొట్లాల్లో పొడిని గంజిలో కలపాలి. ఆ గంజిని మాగిన పశువుల ఎరువుకి పట్టించి, సాయంత్రం పూట తడినేల మీద చల్లాలి. అది వీరదుర్గ ముఠాకి అప్పగించారు. అందరికీ కనపడాలని వీరదుర్గ తన కరపత్రాన్ని కాంతారావు పశువుల పాక గోడకి కాస్త గంజి రాసి అంటించింది. ఏడో తరగతిదాకా చదువుకుంది కాబట్టి వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ‘పొడిని ఆరని గంజిలో కలపవలెను.’ రెండోసారి చదివింది. అప్పుడే అండాలో గంజి దించారు, కుతకుతమంటోంది.

"బాబూ, ఈ వేడి మీదేనా? కాస్త ఆరనివ్వద్దా?" అని దుర్గాశ్రీనివాస్‌ని అడిగింది.

అతను చెవిలోంచి ఫోను తియ్యకుండానే, "కాగితంలో ఎలా ఉంటే అలా చెయ్యండి పిన్నిగారూ. మందు విషయంలో సొంత తెలివి వాడకూడదు" అన్నాడు.

ఆమె వాడలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేసింది. ఆ సాయంత్రం ఆ అండాలో కోటానుకోట్ల ప్రాణులు ఉడికి చచ్చిపోయాయి. పద్నాలుగు మంది ఆడవాళ్ళూ ఎంతో జాగ్రత్తగా వాటి శవాలని రెండెకరాలకీ సమంగా చల్లారు.

పదిహేను రోజులు తిరిగేసరికి ఆ రెండెకరాల్లో ఊద తివాచీ పరిచినట్టు లేచింది. దుర్గాశ్రీనివాస్ గట్టు మీంచే ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకో వారానికి కాంతారావుకీ, ఊళ్ళో మిగతా రైతులకీ ఫోనులో కంపెనీ రిపోర్టు వచ్చింది. అందులో ఇలా ఉంది: ‘వీరదుర్గ అనే కూలీ నిర్లక్ష్యం వలన ప్రయోగం విఫలమైనది.’

ఒక్క వాక్యం. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి మీద రాసిన మొదటి వాక్యం అదే. మంచి పని చేసినన్నాళ్ళూ ఆమె పేరు ఏ కాగితానికీ ఎక్కలేదు. మూల చూపించిన సంగతి అదే రిపోర్టులో రాసినప్పుడు కూడా ‘అభ్యుదయ రైతు శ్రీ కాంతారావు గారి పొలంలో’ అని రాశారు. తప్పు మోపడానికి మాత్రం పేరు గుర్తొచ్చింది.

ఆ ఆదివారం కాంతారావు టీకొట్టు దగ్గర ఆ వాక్యం పైకి చదివాడు. అంతటితో ఆగినా బాగుండేది. "నిర్లక్ష్యం ఏంటయ్యా, కావాలనే చేశారు! ఊద పోతే వీళ్ళకి పనెక్కడిది?" అని తన ముక్క కూడా ఒకటి కలిపాడు. వింటున్నవాళ్ళు అవునవునని తలలూపారు. ముఠాలో మనిషి సూర్యకుమారి పాల కోసం అటుగా వెళ్తూ ఆ మాట వింది. పాల సంగతి మర్చిపోయి వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

మర్నాటికల్లా ముగ్గురు రైతులు కలుపుకి రావద్దని కబురు పెట్టారు. మూడోనాటికి ముఠాలో నలుగురు పక్క ముఠాలో చేరిపోయారు. పిల్లలున్నవాళ్ళు, వాళ్ళననడానికి లేదు. మిగిలిన పదిమందీ పొద్దున్నే ఎప్పట్లా సద్దన్నం క్యారేజీలు పట్టుకుని వచ్చి, ఎవరూ పిలవక, వీరదుర్గ వాకిట్లో కూర్చుని లేచి వెళ్ళారు. కలుపు రోజుల్లో ఆ వాకిట్లో పగటిపూట మనుషులు కూర్చోవడం ఊరంతా చూసింది.

వీరదుర్గకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా కాంతారావు ఇంటికి వెళ్ళింది.

"కాంతారావు గారూ, మేం కావాలని పాడుచేశామన్నారంట?"

అతను పేపరు పక్కన పెట్టకుండానే, "నేనంటే ఏంటి, కంపెనీవాళ్ళే రాశారు. ఇంత పెద్ద కంపెనీ అబద్ధం రాస్తుందా?" అన్నాడు.

"ఆ మూల చూపించింది నేనండీ. నేను చూపించిన దాన్ని నేనెందుకు పాడుచేసుకుంటాను?"

"ఏమో, నీకే తెలియాలి. కలుపు లేకపోతే మీకు కూలి ఉండదుగా."

"ఇరవై ఏళ్ళ కిందట గడ్డిమందు డబ్బాలు వచ్చాయి. మా పని సగం ఊడింది. అప్పుడు ఏ డబ్బా తన్నామండీ మేము? ఎవరి చేలో మందు ఒలకబోశాం? ఆ మందు కొట్టిన చేలోనే దిగి, మిగిలిన కలుపు తీసి, చేతులు పొక్కితే కొబ్బరినూనె రాసుకున్నాం. అప్పుడు చెయ్యని పాపం ఇప్పుడెందుకు చేస్తాం?"

కాంతారావు పేపరు మడిచాడు. "పనుంది, తర్వాత రా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

రెండ్రోజులకి దుర్గాశ్రీనివాస్ మళ్ళీ ఊళ్ళోకి వచ్చాడు. ఈసారి చేలవైపు వెళ్ళలేదు. ఇంటింటికీ తిరిగి, "పాత కరపత్రాలు ఇచ్చెయ్యండి, కొత్త డిజైనులో ఇస్తాం" అని వెనక్కి తీసుకున్నాడు. వీరదుర్గ గుమ్మంలోకీ వచ్చాడు. "నా దగ్గర లేదు బాబూ" అంది ఆమె. అబద్ధం కాదు, ఆమెది పాక గోడ మీద ఉంది. అతను తలూపి వెళ్ళిపోయాక ఆమెకి అనుమానం పుట్టింది. పనికిరాని కాగితం కోసం గుడివాడ నుంచి పెట్రోలు పోసుకుని ఎవరొస్తారు? మర్నాడు పొద్దున్నే అవనిగడ్డ వెళ్ళి బందరు బస్సెక్కింది.

కాలేజీలో ఇందిరాదేవి గారి గది కనుక్కోవడానికి ఆమెకి గంట పట్టింది. ఆవిడ కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"చాలా బాధపడ్డానమ్మా. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియలేదు. గంజిలో ఎలా కలిపారు?"

"పొయ్యి మీంచి దించగానేనండి. కాగితంలో ఉన్నట్టే."

ఇందిరాదేవి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అయ్యయ్యో! అవి బతికున్నవమ్మా!"

వీరదుర్గ కుర్చీలోంచి లేచి నిలబడింది. పెద్ద చదువుల మనిషి ఎదురుగా తన గొంతు అంత పైకి లేస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

"బతికున్నవని మాకెవరు చెప్పారండీ? మందు, మందు అని ఊరంతా తిరిగాడు ఆ అబ్బాయి. మందంటే మా చేలల్లో చంపేదే గానీ బతికేది మేమెప్పుడూ చూళ్ళేదు. తోడు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదండీ! కాగే పాలల్లో తోడు వెయ్యకూడదని మా ఇళ్ళల్లో ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. వేలు పెట్టి చూసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు వేసేవాళ్ళం. నాకు అనుమానం వచ్చి అడిగాను కూడా. సొంత తెలివి వాడొద్దన్నాడు!"

"తోడే" అన్నారు ఇందిరాదేవి గారు నెమ్మదిగా. "అచ్చంగా తోడే. నాకా మాట తట్టలేదు. కానీ నేను ‘ఆరిన గంజి’ అనే రాసిచ్చానమ్మా." సొరుగులోంచి తన చేతిరాత కాగితం తీసి చూపించారు.

"మా కాగితంలో ‘ఆరని’ అని ఉందండీ. ఇంకోమాట. నా పేరు పెట్టి రాసిన ఆ రిపోర్టు మీకూ వచ్చే ఉంటుంది. నా నంబరు మీ దగ్గరుంది. నన్నొక్క మాట అడగలేదేం?"

ఆవిడ తలొంచుకున్నారు. మూడు తరాల పంతుళ్ళ ఇంటి ఆడపడుచు, ఒక కలుపు మనిషి వేసిన ప్రశ్న విని బల్ల మీద కాగితాలు సర్దారు. సర్ది, "తప్పే. నేను అడగాల్సింది. శుక్రవారం వస్తాను" అన్నారు.

అన్నట్టే వచ్చారు. దుర్గాశ్రీనివాస్‌ని రమ్మన్నారు. కాంతారావునీ, ఇంకో పదిమంది రైతుల్నీ పశువుల పాక దగ్గరికి పిలిపించారు. ముఠా ఆడవాళ్ళు వచ్చారు, పక్క ముఠాలోకి వెళ్ళిన నలుగురితో సహా. గోడ మీద కరపత్రం ఎండకి పసుపు తిరిగింది గానీ అక్షరాలు పోలేదు. దుర్గాశ్రీనివాస్ దాన్ని చూడగానే గోటితో అంచు గీకబోయాడు.

"రాదు బాబూ. బాగా ఉడికిన గంజి" అంది వీరదుర్గ.

ఇందిరాదేవి గారు ఆ వాక్యం పైకి చదివి, తను రాసిచ్చింది కూడా చదివి వినిపించారు. ఆరిన, ఆరని. ‘ర’ మీద ఉండాల్సిన గుడి ఒక్క అక్షరం జరిగి ‘న’ మీద కూర్చుంది. "గుడివాడలో అచ్చేయించి గుడి ఎక్కడ పెట్టాలో తెలియలేదా అబ్బాయ్?" అని ఒక ముసలి రైతు అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. వీరదుర్గ నవ్వలేదు. ఆ గుడి జరిగినందుకు పన్నెండు రోజులు ఆమె వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు ఖాళీ చేతులతో కూర్చున్నారు. దుర్గాశ్రీనివాస్‌కి తప్పు ముందే తెలిసింది. తెలిసే కరపత్రాలు ఏరుకున్నాడు. రిపోర్టు మాత్రం మార్చలేదు. నవ్వులాటకి అందులో ఏముంది?

దుర్గాశ్రీనివాస్ వెంటనే సవరణ పంపిస్తానన్నాడు. అక్కడే ఫోనులో టైపు చేసి చదివాడు: "‘కరపత్రంలో ముద్రణాదోషం దొర్లినందువలన ప్రయోగం విఫలమైనది.’ సరిపోయిందా మేడమ్?"

దొర్లిందట! మంచం మీంచి పసిపిల్ల దొర్లినట్టు తప్పు దానంతటదే దొర్లింది, ఎవరూ చెయ్యలేదు. ఇందిరాదేవి గారు ఏదో అనబోయారు. ఈలోపే వీరదుర్గ ముందుకొచ్చింది.

"అందులో నా పేరేది?"

"మీ తప్పు లేదని తీసేశాం కదా పిన్నిగారూ."

"పాడుచేసింది అన్నప్పుడు పేరు రాశారు. పాడుచెయ్యలేదు అన్నప్పుడు ఎందుకు తీసేస్తారు? రాయండి. కాగితంలో ఎలా ఉంటే అలా చేసిందని, ముందే అడిగిందని, అడిగితే మీరు వద్దన్నారని రాయండి. మొన్నటి దాన్ని ఎంతమందికి పంపారో అంతమందికీ పంపండి."

అతను ఇందిరాదేవి గారి వైపు చూశాడు. ఆవిడ చేతులు కట్టుకుని, "రాయండి" అన్నారు. రాశాడు. ‘వీరదుర్గ అనే కూలీ’ అని మొదలుపెట్టబోయి, పదిహేను మంది ఆడవాళ్ళ చూపులు తగిలి చెరిపేసి, ‘శ్రీమతి వీరదుర్గ గారు’ అని మార్చాడు. పైకి చదివి పంపించాడు. రైతుల జేబుల్లో ఫోనులు ఒకదాని వెంట ఒకటి మోగాయి.

వచ్చే పంటకి మళ్ళీ ప్రయోగం పెడదామనీ, పొట్లాం మీద ‘తోడు’ అని అచ్చేయిద్దామనీ ఇందిరాదేవి గారు చెబుతున్నారు. కాంతారావుకి అదేమీ పట్టలేదు. అతని కళ్ళు చేను మీదే ఉన్నాయి. ఊద వరిని మించిపోయింది. ఇంకో వారం ఆగితే ఆ రెండెకరాలూ కోతకి కాదు, మేతకే.

"సరేలే, అయిందేదో అయింది. రేపు మనుషుల్ని తీసుకురా వీరదుర్గా" అన్నాడు.

ఆమె పలకలేదు.

"నీతోనే! వినపడలేదా?"

"వినపడిందండీ. కావాలని పాడుచేసినవాళ్ళని మళ్ళీ చేలో ఎలా దింపుతారా అని చూస్తున్నాను."

రైతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టీకొట్టు దగ్గర తలలూపినవాళ్ళు వాళ్ళలోనే ఉన్నారు. కాంతారావు, "ఏదో ఆ రోజు నోరు జారాను" అని గొణిగాడు.

"నాతో కాదండీ. ఎవరి మీద జారారో వాళ్ళతో చెప్పండి" అని వీరదుర్గ వెనక నిలబడ్డ ఆడవాళ్ళని చూపించింది.

సూర్యకుమారి చంకలో ఖాళీ క్యారేజీ ఉంది. అలవాటు కొద్దీ పొద్దున్నే తెచ్చుకుంది. కాంతారావు ఆ క్యారేజీ వంక చూశాడు, చేను వంక చూశాడు. "మీరు పాడుచెయ్యలేదు. నేనన్నది అబద్ధం" అన్నాడు. ఆ మాట అందరికీ వినపడింది. తర్వాత వీరదుర్గ వైపు తిరిగాడు. ఆమె పన్నెండేళ్ళ పిల్లగా తన తండ్రి చేలో దిగినప్పట్నించీ అతను ఆమెని రా, పో అనే పిలిచాడు. ఇప్పుడు ఆమె పేరు పలకబోయి, పలకలేక మింగేసి, "రేపు మీ వాళ్ళని తీసుకుని రండి" అన్నాడు.

"ఏడింటికి దిగుతామండీ" అంది వీరదుర్గ.